వాగులోకి మురుగు: కేసు వేయడానికి మీకింకా గడువుందా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో మూసీలో కలిసే ఒక వాగు పక్క ఊరు. ఎగువనున్న మున్సిపాలిటీ మురుగు పైపు తెచ్చి వాగులో వదిలి నాలుగేళ్లు దాటింది. బోరు నీళ్లు కంపు కొడుతున్నాయి, రెండు పాడి గేదెలు చచ్చిపోయాయి, మా అమ్మకు ఒంటి నిండా దురద. ఆఫీసుల చుట్టూ తిరిగి విసిగిపోయాం. జేసీబీ తెచ్చి పైపు మూతికి కాంక్రీటు పోసేద్దామంటున్నారు కుర్రాళ్లు. మాకు న్యాయం జరుగుతుందా? - ఒక రైతు

జవాబు: ఇంత రాశారు గానీ ఒక్క తేదీ రాయలేదు. నాలుగేళ్లు దాటిందంటే నెల దాటిందా, పదకొండు నెలలు దాటిందా? మీ కేసు నిలిచేదీ పోయేదీ దాని మీదే.

పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు సంబంధించిన 2010 చట్టంలో, పర్యావరణ వివాదం తేల్చమని అడిగే 14వ సెక్షన్ కింద వెళ్లాలంటే సమస్య మొదలైన రోజు నుంచి ఆరు నెలలే గడువు, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు. అది మీకు ఎప్పుడో పోయింది. మురుగు రోజూ వస్తూనే ఉంది కదా అని వాదించొచ్చు, కానీ ఆ ఒక్క వాదన మీదే కేసు నడపకండి. మీకు మిగిలింది 15వ సెక్షన్, అంటే నష్టపరిహారం, పాడైన వాగును మళ్లీ బాగు చేయించడం. దానికి ఐదేళ్లు, ఆపైన 60 రోజులు. మీరు ఆఫీసుల చుట్టూ తిరిగిన కాలాన్ని ఎవరూ తీసేసి లెక్కపెట్టరు. సివిల్ కోర్టుకు వెళ్దామన్నా ఇదే చట్టం 29వ సెక్షన్ అడ్డం, ఇలాంటి కేసులు ఆ కోర్టు తీసుకోకూడదు.

కాబట్టి ఈ వారమే మున్సిపాలిటీకి ఆర్టీఐ పెట్టండి, పది రూపాయల ఫీజు. ఆ పైపులైను వర్క్ ఆర్డరు, ఎం-బుక్కు (చేసిన పనుల కొలతలు రాసే పుస్తకం), చివరి బిల్లు కాపీలు అడగండి. పైపు ఎప్పుడు వేశారో వాళ్ల కాగితాల్లోనే దొరుకుతుంది.

గేదెలకు పోస్టుమార్టం చేయించారా? చేయించలేదనే అనుకుంటున్నాను, ఎందుకంటే చేయించి ఉంటే ఆ మాట ముందే రాసేవారు. ఇది పెద్ద అజాగ్రత్త. పాడి పశువులకు జరిగిన హాని హరిత ట్రిబ్యునల్ చట్టం రెండో షెడ్యూలులోనే పరిహారం అడగదగ్గ నష్టంగా ఉంది, అయినా చావుకు కారణం చూపే కాగితం లేకపోతే ఏమని అడుగుతాం? పశువుల డాక్టరు చికిత్స చీటీలు, పాల కేంద్రం పుస్తకం ఉంటే వెతికి తీయండి. ఇకపై ఏ పశువు పోయినా పూడ్చేముందు డాక్టరును పిలవాలి. అమ్మను ప్రభుత్వాసుపత్రిలో చూపించి ఓపీ చీటీ దాచండి.

నీళ్లు మీరే సీసాలో పట్టి ప్రైవేటు ల్యాబుకిస్తే అనుమానం కలిగించడానికి పనికొస్తుంది, అంతవరకే. జల కాలుష్య చట్టం, 1974 కింద కాలుష్య నియంత్రణ మండలి అధికారి నోటీసిచ్చి, శాంపిల్‌ను రెండు భాగాలు చేసి, సీలు వేసి పంపిన రిపోర్టుకు ఉండే బలం వేరు. మండలికి రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపి, శాంపిల్ తీయమని అడగండి. రసీదు జాగ్రత్త.

ఆ కాంక్రీటు ఆలోచన మాత్రం ఈ రోజే మానుకోండి. ప్రజా ఆస్తుల ధ్వంస నిరోధక చట్టం, 1984లో మురుగు వ్యవస్థను పాడు చేయడం ప్రత్యేకంగా రాసి ఉంది, కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా ఐదేళ్ల కఠిన జైలు. ఇవాళ బాధితులైన మీరే రేపు ముద్దాయిలవుతారు, మున్సిపాలిటీ వకీలుకు అంతకంటే కావాల్సిందేముంది?

నిధుల్లేవని వాళ్లు తప్పకుండా అంటారు. ఆ సాకు చెల్లదని మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ కేసులో 1980లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అర్జీ చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచికి వేయాలి. మీరు అడిగే పరిహారంలో ఒక శాతం ఫీజు, కనీసం 1000 రూపాయలు. వాగును కలెక్టరు, మండలి అధికారులతో ఉమ్మడి కమిటీ వచ్చి చూడాలని అందులోనే కోరండి. ఆర్టీఐ జవాబుకు 30 రోజులు పడుతుంది, అది వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే వకీలును పెట్టుకోండి.