రింగ్ నెబ్యులా చిల్లు లేని వడలా వస్తోంది!

ప్రశ్న: మాది ఉప్పల్. 750 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న 6 అంగుళాల న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే టెలిస్కోప్), ట్రాకింగ్ మౌంట్ (నక్షత్రాల వెంట తిరిగే స్టాండు), పాత డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నాయి. డాబా మీంచి రెండు నిమిషాల ఎక్స్‌పోజర్లు నలభై తీసి కలిపితే రింగ్ నెబ్యులా (ఆకాశంలో ఉంగరంలా కనిపించే వాయు మేఘం) పొగ పట్టిన చిన్న వడలా వచ్చింది, మధ్యలో చిల్లు కూడా సరిగ్గా లేదు. ఇంకా ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇవ్వాలా, ఊరు దాటి చీకట్లోకి వెళ్లాలా?

జవాబు: రెండూ వద్దండీ. ముందు అదెంత చిన్నదో చూడండి. ఎం57 (రింగ్ నెబ్యులాకి కేటలాగ్ పేరు) రింగు వెడల్పు సుమారు 80 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు), అంటే పున్నమి చందమామ మీద అడ్డంగా ఇరవైకి పైగా రింగులు పేర్చొచ్చు. పిక్సెల్ సైజుని మైక్రాన్లలో తీసుకుని 206తో గుణించి మి.మీ.లలో ఉన్న ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఒక్కో పిక్సెల్‌కి ఎన్ని ఆర్క్‌సెకన్లో వస్తుంది. మీ కెమెరా పిక్సెల్ 4 మైక్రాన్లనుకుంటే 1.1, అంటే మొత్తం రింగు డెబ్బై చిల్లర పిక్సెళ్లలో ఇరుక్కుంది. 2ఎక్స్ బార్లో (బొమ్మని పెద్దది చేసే లెన్సు) పెడితే అది రెట్టింపవుతుంది, వెలుగు నాలుగింతలు పలచబడుతుంది, అయినా పెట్టండి.

అసలు చిక్కు గాలి కదలిక, అంటే నక్షత్రాలని మిణుకుమనిపించే వాతావరణపు వణుకు. రెండు నిమిషాల పాటు షట్టర్ తెరిచి ఉంచితే ఆ కదలికంతా, దానికి తోడు మౌంట్ తడబాటు కూడా, ఒకే ఫ్రేములో కలిసిపోయి చుక్క ఉబ్బుతుంది, మీ చిల్లు పూడిపోయింది అక్కడే. అందుకే చిన్న వస్తువులకి ఎక్స్‌పోజర్ తగ్గించి ఫ్రేములు పెంచాలి. గ్రహాలకి వాడే చిన్న సీమాస్ (వీడియోలా వేగంగా ఫ్రేములు తీసే) కెమెరా ఎవరి దగ్గరైనా దొరికితే ఒకటి రెండు సెకన్ల ఫ్రేములు వేలల్లో తీసి, పదునుగా ఉన్నవి ఏరుకుని, మిగతావి మొహమాటం లేకుండా పారేసి, ఏరినవి స్టాక్ చేయండి (ఒకదానిపై ఒకటి కలపండి). డీఎస్‌ఎల్‌ఆర్‌తో అంత చిన్నవి వద్దు, రీడ్ నాయిస్ (ప్రతి ఫ్రేముకీ కెమెరా కలిపే మరకల గోల) మింగేస్తుంది, పైగా షట్టర్ అరిగిపోతుంది. 10, 15 సెకన్ల దగ్గర ఆగండి.

ఊరి వెలుగు గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. రింగ్ లాంటి ప్లానెటరీ నెబ్యులాలు (చనిపోతున్న నక్షత్రం విడిచిన వాయువు) చిన్నవే గానీ వాటి వెలుగు ఒక్కచోట కుదురుగా ఉంటుంది, అందులో చాలా భాగం 500.7 నానోమీటర్ల దగ్గరుండే ఆక్సిజన్ గీతది (ఆ వాయువు వెలువరించే ఒకే రంగు వెలుగు). ఆ గీతనీ హైడ్రోజన్ ఆల్ఫానీ (హైడ్రోజన్ ఎర్ర గీత) మాత్రమే వదిలే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ పెడితే వీధిదీపాల గోల చాలావరకు తగ్గుతుంది. 1901లో మొదలైన మన నిజామియా అబ్జర్వేటరీ వాళ్లు బేగంపేటలో 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో (ఆకాశాన్ని ఫొటో తీసే టెలిస్కోప్) అంతర్జాతీయ నక్షత్ర పటానికి ఫొటో ప్లేట్లు తీశారు. తర్వాత వచ్చిన 48 అంగుళాల టెలిస్కోప్‌ని మాత్రం ఊరికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో పెట్టుకోవాల్సి వచ్చిందనుకోండి. మసక గెలాక్సీలు కావాలంటే మీరూ వెళ్లాల్సిందే, రింగ్ కోసం మాత్రం పెట్రోలు దండగ.

వెలుగు కన్నా మీ డాబానే ఎక్కువ చెడగొడుతుంది. పగలంతా కాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది, ఆ వేడిగాలి సరిగ్గా ట్యూబు ముందు నుంచే పైకి లేస్తుంది. మట్టి నేల ఉంటే అక్కడ పెట్టండి, లేదంటే పన్నెండు దాటాక మొదలుపెట్టండి. ఇంకోటి, కొలిమేషన్, అంటే టెలిస్కోప్ అద్దాలని ఒక వరసలో సరిచేయడం. నేనొక సీజనంతా గాలిని తిట్టుకున్నాను, తీరా చూస్తే అద్దమే కాస్త పక్కకి తిరిగి ఉంది.

ప్రశ్న: మా ఇంటికి ఉత్తరాన అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. ధ్రువ నక్షత్రం కనపడకుండా పోలార్ అలైన్‌మెంట్ (మౌంట్ ఇరుసుని ధ్రువం వైపు సరిచేయడం) ఎలా?

జవాబు: హైదరాబాద్‌లో ధ్రువ నక్షత్రం 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అపార్ట్‌మెంట్ దాకా ఎందుకు, పక్కింటి వాటర్ ట్యాంకు చాలు. డ్రిఫ్ట్ పద్ధతి (నక్షత్రం ఎటు జారుతుందో చూసి మౌంట్ సరిచేయడం) నేర్చుకోండి, లేదా ఉచితంగా దొరికే నీనా సాఫ్ట్‌వేర్‌లో త్రీ పాయింట్ పోలార్ అలైన్‌మెంట్ ప్లగిన్ వేసుకోండి, ఆకాశంలో ఏ ముక్క కనపడినా దానికి చాలు. ఎక్స్‌పోజర్లు చిన్నవైతే మరీ అంత కచ్చితంగా కుదరకపోయినా నడుస్తుంది.

ప్రశ్న: రింగ్ నెబ్యులా బాగా కనిపించే నెలల్లోనే మనకి వానలు. మరి ఎప్పుడు తీయాలి?

జవాబు: దసరా దాటాక చీకటి పడగానే చూడండి, పడమటి వైపు ఇంకా బాగానే ఎత్తులో ఉంటుంది. అది పోయిందా, ఫిబ్రవరిలో మిథున రాశిలోని ఎన్‌జీసీ 2392 పట్టండి. 1787లో విలియం హెర్షెల్ కనిపెట్టిన నెబ్యులా, రింగ్ కన్నా చిన్నది, 50 ఆర్క్‌సెకన్ల లోపే. నా ఓటు దీనికే, ఎందుకంటే ఫిబ్రవరి మధ్యలో రాత్రి పది గంటలకి అది మన ఊళ్లో దాదాపు నడినెత్తిన ఉంటుంది, అక్కడ అడ్డొచ్చే గాలి అన్నిటికన్నా తక్కువ. ఆల్ట్-అజిమత్ (పైకీ కిందకీ, పక్కలకీ తిరిగే) మౌంట్ ఉన్నవాళ్లు మాత్రం ఓ గంట ముందే కానిచ్చేయండి, సరిగ్గా నెత్తిమీద ఆ మౌంట్ గిరుక్కున తిరగలేక వస్తువుని వదిలేస్తుంది.