కేటాయింపా, విభజనా, పంపకమా?

సందేహం: భూసేకరణ కాగితాలను తెలుగులోకి మార్చే పనిలో ఉన్నాను. ‘అపోర్షన్‌మెంట్’ అన్నచోట నేను ‘కేటాయింపు’ అని రాస్తే, మా పై అధికారి కొట్టేసి ‘విభజన’ అని పెట్టారు. పత్రికల్లో ఒకచోట ‘పంపిణీ’, మరోచోట ‘పునర్విభజన’ కనిపిస్తున్నాయి. ఏది సరైనది?

సమాధానం: మీ కాగితం వరకు ‘పంపకం’ అనండి.

భూసేకరణలో అపోర్షన్‌మెంట్ మాట వచ్చేది, పరిహారం మొత్తం ఎంతో తేలిపోయాక మొదలయ్యే తగవులో. పొలం పోయింది, ఇంత సొమ్ము వస్తుందని ఖాయమైంది. పట్టాదారు, కౌలుదారు, తనఖా పట్టుకున్నవాడు, పట్టా ఇంకా తండ్రి పేరునే ఉన్న నలుగురు అన్నదమ్ములు... వీళ్లలో ఎవరికి ఎంత? 1894 నాటి భూసేకరణ చట్టంలో 30వ సెక్షన్, 2013 చట్టంలో 76వ సెక్షన్ చెప్పేది ఈ తగవు గురించే. సొమ్ము ఒకటే, హక్కుదారులు పలువురు. ఎవరి హక్కు ఎంతో దాన్నిబట్టి వారి వంతు.

‘కేటాయింపు’లో ఈ హక్కు వాసన లేదు. ఇళ్ల స్థలాల కేటాయింపు, మంత్రులకు శాఖల కేటాయింపు అంటున్నప్పుడు నిర్ణయమంతా ఇచ్చేవాడిదే. పుచ్చుకునేవాడు అడుక్కోవచ్చు గానీ, అది నా వాటా అని నిలదీయలేడు. కౌలుదారుకు కలెక్టరు సొమ్ము కేటాయించడు, అతనికి రావలసింది ఎంతో తేలుస్తాడు, తేలకపోతే వివాదాన్ని పైకి పంపుతాడు. ఇక ‘పంపిణీ’ అంటారా, ఎవరికెంతో ముందే తేలిపోయినదాన్ని చేతికందించడం. రేషన్ బియ్యానికి, పింఛన్లకు సరిపోతుంది.

మీ అధికారి పెట్టిన ‘విభజన’ పూర్తిగా తప్పనను. అయితే ఆ మాట చూపు వస్తువు మీద ఉంటుంది, పంపకం చూపు మనుషుల మీద. 2014లో మనకు జరిగినదే చూడండి. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం ఆరో భాగం పేరులో ఉన్నది ఈ అపోర్షన్‌మెంటే, ఆస్తులకూ అప్పులకూ. విభజించింది రాష్ట్రాన్ని, పంచింది ఆస్తులప్పులను. భూములు ఏ రాష్ట్రంలో ఉన్నవి ఆ రాష్ట్రానికే పోయాయి. ఖజానా నిల్వలకు మాత్రం 2011 జనాభా లెక్కన 58.32 : 41.68 నిష్పత్తి పెట్టారు. భూమికి గట్టు వేసి విభజించవచ్చు, అప్పుకు గట్టెక్కడ వేస్తాం? దాన్ని పంచుకోవలసిందే. ‘జనాభా దామాషా’ అని అప్పట్లో రోజూ విన్నాం. దామాషా అనేది కొలబద్ద మాత్రమే, పంచే పనికి పేరు కాదు. అందుకని ‘దామాషా పంపకం’ అనవచ్చు గానీ ఒట్టి ‘దామాషా’ అని రాసి ఊరుకోకూడదు.

‘పునర్విభజన’ దగ్గర పత్రికలు చేసే గందరగోళం ఇంకా పెద్దది. ఏ రాష్ట్రానికి ఎన్ని లోక్‌సభ స్థానాలు అన్నది ఒక ప్రశ్న. ఆ రాష్ట్రంలో నియోజకవర్గాల హద్దులు ఎక్కడ అన్నది వేరే ప్రశ్న. రెంటికీ మనం ఒకే మాట వాడేస్తున్నాం. 2009 ఎన్నికలు గుర్తు తెచ్చుకోండి. మల్కాజిగిరి, చేవెళ్ల కొత్తగా పుట్టాయి, సిద్దిపేట, హనుమకొండ కనబడకుండా పోయాయి. ఉమ్మడి రాష్ట్రపు మొత్తం మాత్రం 42 దగ్గర చెక్కు చెదరలేదు. రాష్ట్రాల స్థానాల సంఖ్యను 1976లో రాజ్యాంగ 42వ సవరణ 1971 జనాభా లెక్కల దగ్గరే ఆపేసింది. 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాతి తొలి జనగణన దాకా పొడిగించింది. అంటే 2009కి ముందు మనం చూసింది హద్దుల పునర్విభజనే, స్థానాల పంపకం కాదు. దక్షిణాది వాళ్ల భయమంతా స్థానాల పంపకం గురించి. ఒకే మాటతో సరిపెడితే ఎవరు దేనికి భయపడుతున్నారో చదువరికి అంతుపట్టదు. అమెరికాలో ఈ గొడవ లేదు. ప్రతినిధుల సభలోని 435 స్థానాలను పదేళ్లకోసారి 50 రాష్ట్రాలకు పంచడమే అక్కడ అపోర్షన్‌మెంట్. హద్దులు గీసే పనికి వేరే పేరుంది.

సొమ్ము పంపకం, స్థానాల పంపకం అనే ఈ రెండు అర్థాలకూ ‘పాలు’ అనే మన పాత మాట భేషుగ్గా సరిపోయేది. పాలివాళ్లు, పాలుపంచుకోవడం, ‘నా పాలిట దేవుడు’, అన్నిటా ఉన్నది వాటా అనే ఆ పాలే. కానీ ప్రభుత్వ ఉత్తర్వులో ‘పాల పంపకం’ అని రాస్తే జనం గిన్నెలు పట్టుకొని వస్తారు.

అన్నట్టు, పంపకమూ అన్నిచోట్లా అతకదు. రోడ్డు ప్రమాదం కేసులో లారీ డ్రైవరు తప్పెంత, బైకు నడిపినవాడి తప్పెంత అని ట్రిబ్యునల్ లెక్క కట్టడమూ అపోర్షన్‌మెంటే. ‘తప్పు పంపకం’ అంటే నవ్వులాటగా ఉంటుంది. అక్కడ ‘బాధ్యతలో ఎవరి వంతు ఎంత’ అని విడమరచి రాయడమే మేలు.

మీ కాగితంలో శీర్షికగా ‘పరిహారం పంపకంపై వివాదం’ అని పెట్టి, లోపల ‘వాటా’ వాడుకుంటూ పోండి. అధికారి ‘విభజన’ వదలనంటే, ‘వాటాల విభజన’ అనడానికి ఒప్పించి చూడండి. వాటా అన్న మాట పక్కన ఉంటే పెద్దగా నష్టం లేదు.