మనౌస్ అడవికి వెళ్తున్న మేనకోడలికి

అమ్మడూ,

పక్షుల పని మీద బ్రెజిల్‌లో మనౌస్ దగ్గరి అడవికి వెళ్తున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. పాములు, మలేరియా, దారి తప్పడం అంటూ వాడి భయాలన్నీ వరసపెట్టాడు. వింటున్నంతసేపూ నాకు గర్వంగానే ఉంది. నా టెన్షన్ వేరే. అది వలల గురించి.

పసుపు జ్వరం టీకా వేయించుకో. మంచి బూట్లు కొనుక్కో. బాట వదిలి ఒంటరిగా వెళ్ళకు. ఇవి నీకు తెలిసినవే.

పిట్టల్ని పట్టి కాలికి గుర్తు రింగు వేయడానికి మీరు తెల్లవారుజామున కట్టే మిస్ట్ నెట్, ఆ సన్నదారాల వల, నీడలో మనకే కనబడదు, ఇక పిట్టకేం కనబడుతుంది? యాంట్‌బర్డ్ కుటుంబంలోని చిన్న పిట్ట యాంట్‌రెన్ అయితే పది గ్రాముల లోపే ఉంటుంది. యాంట్‌బర్డ్ అనే పేరు విని చీమలే దాని తిండి అనుకుంటారు చాలామంది. నిజానికి దండు చీమలు నేలంతా పరుచుకుని కదులుతుంటే ప్రాణభయంతో బయటికి దూకే మిడతలనీ, బొద్దింకలనీ, సాలీళ్ళనీ ఈ పిట్టలు ముందుండి పట్టుకుంటాయి. అంటే వలలో ఈ పిట్టలు ఒక్కసారిగా నాలుగైదు పడ్డాయంటే, వెనకాలే చీమలు వస్తున్నాయని అర్థం.

పనామాలో మా బృందంలో ఒక సీనియర్ ఉండేవాడు. నెమ్మదైన మనిషి, పిట్టను విడిపించడం నాకు నేర్పింది ఆయనే. ఒకరోజు పొద్దుటి నుంచీ వలలు ఖాళీ. రింగులు వేసిన పిట్టల లెక్కలు రాసుకుంటూ ఆయన వలలు చూసొచ్చే రౌండు ఒకటి వదిలేద్దామన్నాడు. ఆలోపు దండు వచ్చింది. మేం వెళ్ళేసరికి వల కింది అరలో, అంటే నేలకు దగ్గరగా ఉండే మడతలో ఉన్న పిట్టల మీదంతా చీమలే. పై అరలోవి బతికాయి. కింద ఉన్న వాటిలో ఒక్కటీ మిగల్లేదు. చేతులు వాచిపోతున్నా ఆయన ఒక్కో పిట్టనీ వలలోంచి తీస్తూనే ఉన్నాడు. ఆ రోజు ఇక అన్నం ముట్టలేదు. వల నిశ్శబ్దంగా ఉంటే పని లేనట్టే అనుకోవడం, అదే ఆయన చేసిన పొరపాటు.

అందుకే గట్టిగా చెప్తున్నాను. రెండు రౌండ్ల మధ్య అరగంట దాటనివ్వకు, ఎండ గానీ వాన గానీ వస్తే ఇంకా తొందరగా వెళ్ళు. చీమలు కనిపిస్తే ముందు కింది అర ఖాళీ చేసి, వల మూసెయ్. చిక్కు విడకపోతే కత్తెరతో దారం కోసెయ్, వల డబ్బు గురించి ఎవరైనా అంటే అననీ. నీకు చిన్నప్పటి నుంచీ "ఇంకో ఐదు నిమిషాలు" అనే అలవాటుంది. అక్కడ ఆ మాట అన్నావంటే నేను ఊరుకోను.

ఒక్క పిట్టకి ఇంత కంగారెందుకంటావేమో. ఈ యాంట్‌బర్డ్‌లు ఒక విడతకి సాధారణంగా రెండే గుడ్లు పెడతాయి, చాలా గూళ్ళు పాముల పాలవుతాయి. చెట్ల నీడ దాటి ఎండలోకి రావడానికి జంకుతాయి. నువ్వు వెళ్ళే చోటే 1979లో థామస్ లవ్‌జాయ్ అనే జీవశాస్త్రవేత్త మొదలుపెట్టిన ప్రయోగంలో 1, 10, 100 హెక్టార్ల అడవి ముక్కల్ని పరిశీలించారు. చిన్న ముక్కల్లోంచి దండు చీమల వెంట తిరిగే పిట్టలు త్వరగానే మాయమయ్యాయి. పోయిన పిట్ట స్థానంలోకి ఇంకోటి రావడం అంత తేలిక కాదు.

చేతిలోకి తీసుకున్నప్పుడు మెడ నీ చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఉండాలి, ఛాతీ మీద ఒత్తిడి పడకూడదు. దాని ఊపిరి ఆడేది ఆ ఛాతీ కదిలితేనే. నీ చేతులు మీ నానమ్మ చేతుల్లా మెత్తనివి, ఆ విషయంలో నాకు దిగులు లేదు.

వెళ్ళగానే మీ బృందంలో వలల దగ్గరికి ఎన్ని నిమిషాలకోసారి వెళ్తారో అడిగి నాకు రాయి. అరగంట కంటే ఎక్కువైతే మీ లీడర్‌తో మొహమాటపడకుండా మాట్లాడు.

మీ అత్త