మానిటర్ తీసేస్తే మినీ పీసీ అందడం లేదు

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న డెస్క్‌టాప్‌లో ఉబుంటు (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వేసి, ఇంట్లో వాళ్ల ఫొటోలు దాచడానికి మానిటర్ లేకుండా అటక మీద పెట్టాను. లాప్‌టాప్ నుంచి వైఫై మీదుగా ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచే కమాండ్లు టైప్ చేసి కంప్యూటర్‌ను నడిపే పద్ధతి) అందులోకి వెళ్తుంటాను. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అది అందకుండా పోతోంది. కిందికి దించి మానిటర్ తగిలించి ఆన్ చేస్తే మాత్రం చక్కగా పనిచేస్తుంది. మానిటర్ లేనిదే అది నడవదా?

జవాబు: నిక్షేపంగా నడుస్తుంది. మానిటర్ తగిలించిన ప్రతిసారీ మీరు పాస్‌వర్డ్ కొట్టి లాగిన్ అవుతున్నారా? అయితే నా మొదటి అనుమానం అక్కడే. డెస్క్‌టాప్ ఉబుంటులో వైఫై పాస్‌వర్డ్ ఒక్కోసారి ఆ యూజర్‌కు మాత్రమే పరిమితమై ఉంటుంది కాబట్టి, ఎవరూ లాగిన్ కాని కంప్యూటర్ ఆన్ అయి కూడా నెట్‌వర్క్‌లో చేరదు. వైఫై సెట్టింగుల్లో ఆ కనెక్షన్‌ను ఇతర యూజర్లకూ అందుబాటులో ఉంచే ఆప్షన్‌కు టిక్ పెట్టండి. రూటర్ నుంచి లాన్ కేబుల్ లాగగలిగితే అంతకన్నా మేలు.

అనుమానంతో ఆగకుండా రుజువు చూడాలంటే, ఈసారి అది అందకపోయినప్పుడు కాసేపు అలాగే వదిలేసి, ఆ తర్వాతే మానిటర్ పెట్టి రీస్టార్ట్ చేసి, టెర్మినల్‌లో జర్నల్‌సీటీఎల్ కమాండ్‌కు మైనస్ బి, మైనస్ 1 జోడించి (journalctl -b -1) నడపండి. అంతకు ముందరి బూట్ లాగ్, అంటే కిందటిసారి ఉబుంటు మొదలైనప్పటి నమోదులు, కనిపిస్తుంది. కరెంటు వచ్చిన సమయం నుంచి అందులో వరుసలు ఉంటే కంప్యూటర్ లేచిందని, తప్పు చాలావరకు నెట్‌వర్క్‌దని అర్థం. రూటర్ కొత్త ఐపీ అడ్రస్ ఇచ్చి ఉండవచ్చు కనుక దాని పేజీలో పరికరాల జాబితా కూడా చూసి, ఈ కంప్యూటర్‌కు ఒకే అడ్రస్ కేటాయించండి.

లాగ్ కరెంటు పోయిన క్షణం దగ్గరే ఆగి ఉంటే, ఉబుంటు అసలు మొదలే కాలేదన్నమాట. అప్పుడు బయోస్‌లోకి (ఉబుంటు కన్నా ముందే నడిచే మదర్‌బోర్డు సెట్టింగుల తెర) వెళ్లి, కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏం చేయాలన్న సెట్టింగును ‘పవర్ ఆన్’కు మార్చండి, చాలా కంప్యూటర్లలో అది ‘పవర్ ఆఫ్’గానే ఉంటుంది. కీబోర్డు లేకపోతే ఆగిపోయే పాత బయోస్‌లూ ఉన్నాయి కాబట్టి ‘హాల్ట్ ఆన్’ అనే సెట్టింగు కనిపిస్తే ‘నో ఎర్రర్స్’ ఎంచుకోండి. కంప్యూటర్ పాతది కాబట్టి మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బటన్ సెల్ అయిపోయి ఉండవచ్చు. అదే జరిగితే కరెంటు పోయినప్పుడల్లా మీరు మార్చిన సెట్టింగులన్నీ చెరిగిపోతాయి. లాన్ పోర్టు దగ్గర వెలిగే లైటును మాత్రం నమ్మకండి, కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా అది వెలుగుతూ ఉండవచ్చు.

ఫొటోల కోసం బయటి హార్డ్ డిస్క్ తగిలించి, దాన్ని ఎఫ్‌స్టాబ్ (బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు వాడుకోవాలో చెప్పే) ఫైల్‌లో రాసి ఉంటే ఇంకో చిక్కుంది. ఆ డిస్క్ సమయానికి లేవకపోతే ఉబుంటు మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి జారుకుంటుంది, అక్కడ ఎస్‌ఎస్‌హెచ్ ఉండదు. ఆ వరుసలోని ఆప్షన్లకు ‘నోఫెయిల్’ అనే మాట చేర్చితే, డిస్క్ లేకున్నా బూట్ పూర్తవుతుంది.

మానిటర్ ఉన్నట్టు భ్రమింపజేసే హెచ్‌డీఎంఐ డమ్మీ ప్లగ్ కొనమని ఎవరైనా సలహా ఇస్తే ఆ డబ్బు మిగుల్చుకోండి. రిమోట్ డెస్క్‌టాప్‌లో తెర నల్లగానో మరీ చిన్నగానో వచ్చేవారికి అది పనికొస్తుంది గాని, ఎస్‌ఎస్‌హెచ్ వాడే మీకు దానితో పని లేదు.