అయస్కాంత క్షేత్రాన్ని తలకిందులు చేసినా రాబిన్ పిట్ట దారి మారలేదంటే
ఆ ప్రయోగంలో క్షేత్రపు అడ్డ, నిలువు భాగాలు రెండూ ఒకేసారి తిరగబడి ఉంటాయి. అందుకే యూరోపియన్ రాబిన్ అనే వలస పిట్ట పాత దిక్కుకే వెళ్లబోయింది. అయితే దానికి ఒంట్లో అయస్కాంత దిక్సూచి లేనట్టేనా అని మీ ప్రాజెక్టు కోసం అడిగారు. అంతమాత్రాన లేదని కాదు. ఆ పిట్ట ఉత్తర, దక్షిణ ధ్రువాలను గుర్తించదు, క్షేత్రరేఖలు నేలవైపు ఎటు వంగాయో ఆ వాలునే పట్టుకుంటుంది. రెండూ తిప్పితే వాలు మారదు కదా!

ప్రాజెక్టులో ఇలా రాయండి:

1. అడ్డ భాగాన్ని కదపకుండా నిలువు భాగం ఒక్కటే తిప్పాలి. అందరూ వదిలేసేది ఇదే. అప్పుడు వాలు అవతలి పక్కకు పోతుంది, పిట్ట కూడా వెనక్కి తిరుగుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో శాస్త్రవేత్తలైన విల్ట్‌ష్కో దంపతులు 1972లో చూపింది ఇదే.

2. లైటు నీలం లేదా ఆకుపచ్చ ఉండాలి. ఎర్ర లైటులో పిట్ట తికమకపడుతుంది. క్షేత్రాన్ని పసిగట్టేది కంట్లో వెలుతురుకు స్పందించే క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీన్ కావచ్చని శాస్త్రవేత్తల అనుమానం అందుకే.