ఇంట్లో కూర్చుని సిరీస్‌లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: స్కూటీ మీద నుంచి పడి చీలమండ విరిగింది. ఆరు వారాలు కట్టు. పొద్దస్తమానం మంచం మీద ఫోన్‌లో సిరీస్‌లే. మెడ పట్టేసింది. సాయంత్రానికి కట్టు కింద కాలివేళ్లు ఉబ్బుతున్నాయి. చూడటం మానేయాలా? – పాఠకురాలు, తణుకు

జవాబు: మానక్కర్లేదు. పడుకునే తీరు మార్చాలి. మెడది ఒక సంగతి, వేళ్లది ఇంకో సంగతి.

ఫోన్ పొట్ట మీద పెట్టుకుంటే గంటల తరబడి తల ముందుకు వాలిపోతుంది. ఆ బరువంతా మోసేది మెడ వెనక కండరాలే. మంచం మీద వాడే మడత బల్ల ఒకటి తెప్పించుకుని, ఫోన్‌ను దాని మీద స్టాండుకి ఆనించి కళ్లకు ఎదురుగా ఉంచండి. నడుము వెనక గట్టి దిండు పెట్టుకోండి. వీలుంటే టీవీ ఉన్న గదిలోకి మంచం మార్పించుకోండి, అదే మేలు. మన ఇళ్లలో టీవీని చాలా ఎత్తులో బిగిస్తారు కాబట్టి నిటారుగా కూర్చుని చూస్తే తల పైకెత్తాల్సి వస్తుంది, అదీ మెడకు కష్టమే. వెనక్కి వాలి చూడండి.

ఇక వేళ్ల సంగతి. కుర్చీలో కూర్చుని కాలు పీట మీద పెడితే ఎత్తులో పెట్టినట్టు కాదు. పాదం గుండె కంటే ఎత్తులో ఉండాలి. అంటే దాదాపు పడుకుని, పిక్క కింద రెండు మూడు దిళ్లు పెట్టాలి. డాక్టరు వద్దనకపోతే ప్రతి అరగంటకూ కట్టు ఉన్న కాలివేళ్లు పది పదిహేనుసార్లు ముడిచి చాచండి. బాగున్న కాలి పాదాన్ని కూడా పైకీ కిందికీ ఆడించండి. కాళ్లలోని రక్తాన్ని పైకి నెట్టేది పిక్క కండరం. అది కదలకపోతే రక్తం అక్కడే నిలిచి గడ్డ కట్టే ప్రమాదం ఉంది. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఎవరినో ఒకరిని పిలవాలి కదా అని కట్టు వేసుకున్నవాళ్లు నీళ్లు తాగడం తగ్గించేస్తారు. అలా చేయకండి. మలబద్ధకం మొదలయ్యేది అక్కడే, రక్తం గడ్డకట్టే ముప్పు పెరగడానికీ అదో కారణం.

వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, కాలు ఎత్తి పెట్టినా నొప్పి పెరుగుతూనే ఉన్నా, ఏ కాలి పిక్కైనా వాచి నొప్పెడుతున్నా ఆలస్యం చేయకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: రాత్రి పదింటికి ఒక్క ఎపిసోడ్ చూద్దామని మొదలుపెడితే రెండు దాటుతోంది. ఇంటి నుంచే ఉద్యోగం కావడంతో పొద్దున్నే లేవాలన్న భయం కూడా లేదు. – పాఠకుడు, హనుమకొండ

జవాబు: సిరీస్‌ రాసేవాళ్లు ముడి వేసేది చివరి అయిదు నిమిషాల్లో. ఆ ముడి సాధారణంగా తర్వాతి ఎపిసోడ్ మొదటి పది నిమిషాల్లో విడిపోతుంది, ఆ పైన కథ కాస్త నెమ్మదిస్తుంది. కాబట్టి ఎపిసోడ్ అయ్యాక ఆపుదామనుకునేవాళ్లు ఎప్పటికీ ఆపలేరు. మధ్యలో ఆపండి. కొత్త ఎపిసోడ్ మొదలై పదిహేను నిమిషాలయ్యాక ఒక సీను ముగిసే చోట టీవీ కట్టేయండి. ఎక్కడ ఆపారో యాప్ గుర్తుపెట్టుకుంటుంది. మొదటి రెండు రోజులు చిరాగ్గా ఉంటుంది కానీ నిద్ర పడుతుంది.

తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే ఆటోప్లేను ఆపేయండి. నెట్‌ఫ్లిక్స్‌లో అయితే బ్రౌజర్ తెరిచి అకౌంట్‌లోకి వెళ్లి, మీ ప్రొఫైల్ ఎంచుకుని, ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌లో నెక్స్ట్ ఎపిసోడ్ ఆటోప్లే దగ్గరున్న టిక్ తీసేయాలి. ప్రొఫైల్‌కో సెట్టింగ్ ఉంటుంది, మీది మారిస్తే పిల్లలది మారదు. ప్రైమ్ వీడియోలోనూ, యూట్యూబ్‌లోనూ ఆటోప్లే ఆపే స్విచ్ ఉంది. దీంతోపాటు టీవీ సెట్టింగ్స్‌లో స్లీప్ టైమర్ 90 నిమిషాలకు పెట్టండి. పదింటికి మొదలుపెడితే పదకొండున్నరకు టీవీయే ఆగిపోతుంది.

మొదలుపెట్టే ముందు లెక్క వేసుకోవడం మంచిది. 50 నిమిషాల ఎపిసోడ్లు పది ఉంటే 8 గంటల 20 నిమిషాలు. రోజుకు రెండు చొప్పున అయిదు రోజుల పని. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ మార్చి 28 నుంచి రామాయణ్‌ను మళ్లీ వేసినప్పుడు పొద్దున 9కి ఒకటి, రాత్రి 9కి ఒకటి వచ్చేది. ఊరంతా ఇంట్లోనే ఉన్నా ఎవరూ మూడోది చూడలేకపోయారు, ఎందుకంటే లేదు కాబట్టి! ఆ హద్దు ఇప్పుడు మనమే పెట్టుకోవాలి. 1.25 రెట్ల వేగంతో చూస్తే సమయం కలిసొస్తుందని కొందరంటారు. 45 నిమిషాలది 36 నిమిషాల్లో అయిపోతుంది, నిజమే. మిగిలిన ఆ తొమ్మిది నిమిషాలూ పోయేది ఇంకో ఎపిసోడ్‌కే.

ప్రశ్న: 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నాం. అయినా రాత్రి తొమ్మిది దాటితే తెర మీద సున్నా గిర్రున తిరుగుతూనే ఉంటుంది. – పాఠకుడు, నల్గొండ

జవాబు: నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 చాలు. వందలో పదిహేను కూడా టీవీ దాకా రావడం లేదంటే ఎక్కడో పోతోంది. ఎక్కడో తేల్చుకోవాలంటే రాత్రి తొమ్మిదిన్నరకు రూటర్ పక్కన నిలబడి ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేయండి. వెంటనే టీవీ దగ్గరికి వెళ్లి మళ్లీ చేయండి.

రూటర్ దగ్గర 90 వచ్చి టీవీ దగ్గర 8 వస్తే లోపం ఇంట్లోనే ఉంది. బీరువా మీద, టీవీ వెనక, చెప్పుల స్టాండులో రూటర్ పెట్టేవాళ్లు చాలామంది. ఇనుప బీరువా సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. రూటర్‌ను హాలు మధ్యలో, మనిషి ఎత్తులో పెట్టండి. వైఫైలో రెండు పేర్లు కనిపిస్తుంటే 5 గిగాహెర్ట్జ్‌ది వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటితే బాగా బలహీనపడుతుంది. 2.4ది గోడలు దాటుతుంది కానీ పక్కింటివాళ్ల వైఫైలన్నీ అందులోనే తోసుకుంటాయి. టీవీ, రూటర్ ఒకే గదిలో ఉంటే 5 వాడండి. అన్నిటికంటే ఖాయమైన మార్గం క్యాట్ 6 కేబుల్‌తో (ఇంటర్నెట్ వైరు) రూటర్ నుంచి టీవీకి నేరుగా లైన్ లాగడం.

రూటర్ పక్కనే పొద్దున 90, రాత్రి 10 వస్తుంటే లోపం ఆపరేటర్ లైన్‌ది. మూడు నాలుగు రాత్రుల స్పీడ్ టెస్టులను టైముతో సహా స్క్రీన్‌షాట్లు తీసి ఫిర్యాదు చేయండి. ఉత్తినే ‘స్లోగా ఉంది’ అంటే రూటర్ ఆపి వేయమంటారు, అంతే.

రెండు చోట్లా వేగం బాగానే ఉండి టీవీలో మాత్రమే ఆగుతుంటే, యాప్‌లు చూడటానికి టీవీ వెనక పెట్టే స్ట్రీమింగ్ స్టిక్‌ను చూడండి. దాని కరెంటు వైరును టీవీ యూఎస్‌బీకి గుచ్చితే చాలా టీవీల్లో అర ఆంపియరే వస్తుంది. స్టిక్‌కి కావాల్సింది ఒక ఆంపియర్. సరిపోక అది నత్తనడక నడుస్తుంది, ఒక్కోసారి రీస్టార్ట్ అవుతుంది. దాంతో వచ్చిన అడాప్టర్‌నే గోడ ప్లగ్గులో పెట్టండి. స్మార్ట్ టీవీ అయితే వాడని యాప్‌లు తీసేసి, గోడ స్విచ్ ఆపి ఒక నిమిషం ఆగి వేయండి. రిమోట్‌తో ఆపితే చాలా టీవీలు పూర్తిగా ఆగవు.

ప్రశ్న: వైఫై లేదు. రోజుకు 2 జీబీ డేటా. సాయంత్రానికే అయిపోతోంది. – పాఠకురాలు, పాడేరు

జవాబు: నెట్‌ఫ్లిక్స్ లెక్కలో హెచ్‌డీ గంటకు 3 జీబీ దాకా తింటుంది. వీడియో క్వాలిటీ మీడియం అయితే 0.7 జీబీ, లో అయితే 0.3 జీబీ. అంటే మీ 2 జీబీకి మీడియంలో దాదాపు మూడు గంటలు, లోలో ఆరున్నర గంటలు. ఆరంగుళాల ఫోన్‌లో మీడియానికీ హెచ్‌డీకీ తేడా పెద్దగా కనిపించదు. యాప్ సెట్టింగ్స్‌లో మొబైల్ డేటా వాడకం ‘ఆటో’ మీద ఉంటే సేవ్ డేటాకు మార్చండి. 2020 మార్చి, ఏప్రిల్‌లో నెట్‌వర్కుల మీద భారం తగ్గించడానికి పెద్ద యాప్‌లన్నీ మన దేశంలో మొబైల్ డేటా మీద 480పికే (హెచ్‌డీ కంటే తక్కువ క్వాలిటీ) పరిమితమయ్యాయి. జనం ఇబ్బంది లేకుండానే చూశారు.

రోజువారీ డేటా మారేది అర్ధరాత్రి పన్నెండింటికి. పదకొండున్నరకు ఎంత మిగిలిందో చూసి, దానికి సరిపడా ఎపిసోడ్లు డౌన్‌లోడ్ పెట్టుకోండి. వాటిని ఒకసారి ప్లే చేశాక కొన్ని 48 గంటల్లో మాయమవుతాయి. చూసే రోజు దాకా తెరవకండి.

ప్రశ్న: మాటలు వినపడవని సౌండ్ పెంచితే, ఫైట్ వచ్చేసరికి ఇల్లు అదిరిపోతోంది. – పాఠకుడు, గుడివాడ

జవాబు: ఆ సౌండు 5.1 స్పీకర్ల కోసం, అంటే అయిదు స్పీకర్లూ ఒక సబ్‌వూఫరూ ఉన్న సెట్ కోసం మిక్స్ చేసింది. అందులో మాటలకు మధ్య స్పీకర్ విడిగా ఉంటుంది. టీవీ రెండు చిన్న స్పీకర్లతో అన్నీ కలిపి వినిపించేసరికి మాటలు అణిగిపోతాయి. ప్లే అవుతుండగా ఆడియో మెనూ తెరిచి, 5.1 అని లేని ట్రాక్ ఉంటే అది ఎంచుకోండి. టీవీ సౌండ్ మోడ్‌ను క్లియర్ వాయిస్‌కు మార్చండి. నైట్ మోడ్ ఉంటే వేయండి, అది పెద్ద శబ్దాలను తగ్గించి చిన్నవాటిని పెంచుతుంది.

ప్రశ్న: కొత్త టీవీలో ఖరీదైన సిరీస్ కూడా డైలీ సీరియల్‌లా నున్నగా కనిపిస్తోంది. – పాఠకుడు, విజయనగరం

జవాబు: మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉంది. సిరీస్‌లు ఎక్కువగా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. టీవీ మధ్యలో లేని ఫ్రేములు కల్పించి ఇరికిస్తోంది. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ అనే పేర్లతో ఉంటుంది. ఆపేయండి. క్రికెట్‌కు కావాలంటే మళ్లీ వేసుకోవచ్చు.

ప్రశ్న: డాలస్‌లో అబ్బాయి దగ్గర ఉన్నాం. చలికి బయట అడుగు పెట్టడం లేదు. ఇండియాలో తెలుగులో చూసిన సిరీస్‌కు ఇక్కడ తెలుగు ఆడియోనే లేదు. – పాఠకురాలు, అమెరికా

జవాబు: కొన్ని యాప్‌లు మీరున్న దేశాన్నీ ప్రొఫైల్ భాషనూ బట్టి నాలుగైదు భాషలే చూపిస్తాయి. మీకు విడిగా ఒక ప్రొఫైల్ చేయించుకుని, అందులో చూసే భాషల జాబితాలో తెలుగు చేర్చండి. యాప్ మూసి మళ్లీ తెరిచి చూడండి. అప్పటికీ రాకపోతే ఆ డబ్బింగ్ హక్కులు ఆ దేశానికి లేనట్టే, సెట్టింగ్‌లు మార్చి లాభం లేదు. అలాంటప్పుడు సబ్‌టైటిల్స్‌తో చూడాల్సిందే. సెట్టింగ్స్‌లో వాటి అక్షరాలను పెద్దవి చేసి, వెనక నల్లటి పట్టీ పెట్టుకుంటే కళ్లద్దాలతో చదవడం సులువు.