ప్రభుత్వ వాహనాల పొగ తగ్గించే విషయమై మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కోనసీమ జిల్లాలోని ప్రభుత్వ శాఖల, పురపాలక సంఘాల వాహనాల పొగ తగ్గించే ప్రణాళికను నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. దాన్ని కొత్త బండ్లు కొనే ప్రతిపాదనతో మొదలుపెట్టవద్దు నాయనా. ముందు బండి తిరిగిన దూరం, పోసిన డీజిల్ రాసే లాగ్ బుక్కులన్నీ తెప్పించుకుని చదువు. లీటరు డీజిల్ కాలితే రెండున్నర కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది కనుక, ఏ బండి మైలేజీ తన పాత లెక్క కంటే పడిపోయిందో పట్టుకుంటే, మరమ్మతు ఎక్కడ అవసరమో చాలావరకు తెలిసిపోతుంది.

ఆ బండిని షెడ్డుకు రప్పించి పొగ రంగు చూడు. నల్లపొగ వస్తే ఇంజనుకు గాలి చాలడం లేదని, లేదా ఇంజెక్టర్లు డీజిల్‌ను ఎక్కువగా వదులుతున్నాయని అర్థం. నీలి ఛాయ ఉంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. మన ప్రాంతంలో ఎయిర్ ఫిల్టరును కంపెనీ చెప్పిన కిలోమీటర్లు పూర్తయ్యేదాకా వదిలేయకూడదు, ఎందుకంటే మాసూళ్ల రోజుల్లో కళ్లాల దుమ్ము, రైసుమిల్లుల ఊక ధూళి దాన్ని ఎంతో ముందే మూసేస్తాయి. వరద నీటిలో తిరిగి వచ్చిన బండికి ఫిల్టరుతో పాటు డీజిల్ నుంచి నీటిని వేరుచేసే గిన్నెను కూడా వెంటనే విప్పించి చూడాలి.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అనే కఠినమైన పొగ నిబంధనల ప్రకారం వచ్చిన డీజిల్ బండ్ల మీద నువ్వు మరింత శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే అవి శుభ్రమైనవన్న నమ్మకంతో ఎవరూ వాటి వైపు చూడరు. వాటి పొగగొట్టంలో ఉండే డీపీఎఫ్ అనే వడపోత మసిని పట్టి ఉంచి, గొట్టం బాగా వేడెక్కినప్పుడు దాన్ని కాల్చేస్తుంది. అమలాపురంలో కలెక్టరేటుకూ బజారుకూ మధ్యే తిరిగే బండికి ఆ వేడి అందదు. మసి పేరుకుంటుంది, డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. అప్పుడు బండిని రావులపాలెం దగ్గర జాతీయ రహదారి ఎక్కించి, కంపెనీ పుస్తకంలో చెప్పిన వేగంతో, చెప్పినంతసేపు ఆపకుండా నడిపించాలి. ఆ ప్రయాణానికి లాగ్ బుక్కులో నువ్వే ముందుగా అనుమతి రాసిపెట్టు. లేకపోతే ఆడిట్ అభ్యంతరానికి భయపడి ఏ డ్రైవరూ బండి తీయడు. వడపోతను పీకేసి దీపం ఆర్పేస్తామనే మెకానిక్కులను షెడ్డు గడప తొక్కనివ్వకు. పొగను శుద్ధిచేయడానికి యూరియా ద్రావణం పోసే బండ్లలో 32.5 శాతం గాఢత ఉన్న అసలు ద్రావణమే వాడించు. మన ఊళ్లలో ఎరువు యూరియా ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది కదా అని దాన్ని నీళ్లలో కలిపి పోస్తే, అందులోని మలినాలు పొగను శుద్ధిచేసే భాగాన్నే పాడుచేస్తాయి.

బండ్లను ఏరు దాటించే పంటు కోసం రేవులో ఆగినప్పుడు, సమావేశాలు ముగిసేదాకా ఆవరణలో ఎదురుచూసేటప్పుడు, ఇంజన్లు ఊరికే తిరుగుతుంటాయి. ఇందుకు డ్రైవరును దండించడం న్యాయం కాదు. అధికారి వచ్చేసరికి కారు చల్లగా లేకపోతే మాట పడేది అతనే. కాబట్టి ఇంజన్ ఆపాలన్న ఉత్తర్వును అధికారుల పేరిట ఇప్పించి, బండ్లకు నీడ, డ్రైవర్లకు కూర్చునే గది ఏర్పాటు చేయించు.

15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదు గనుక, గడువు దగ్గరపడిన వాటిని కండెమ్ చేసే, అంటే ఇక పనికిరావని తీసేసే, కాగితాలు ముందే కదిలించు. వాటి బదులు విద్యుత్ బండ్లు అడిగేటప్పుడు పురపాలక చెత్త బండ్లతో మొదలుపెట్టు. అవి రోజూ ఒకే దారిలో, కొద్ది దూరమే తిరిగి, పని ముగిశాక ఒకే షెడ్డుకు చేరతాయి. లంకల్లో వరద విధులకు వెళ్లే జీపులను మాత్రం ఇప్పట్లో విద్యుత్ బండ్లుగా మార్చవద్దు, ఎందుకంటే కరెంటు రోజుల తరబడి లేనప్పుడు కూడా అవి జనం దగ్గరికి చేరాలి. ఛార్జింగ్ పెట్టెలను వరద మట్టానికి పైన అమర్చాలని అంచనాల దశలోనే ఇంజనీర్లకు రాతపూర్వకంగా తెలియజెయ్యి.

ఆశీస్సులతో,
మీ మామయ్య